కరణం దఫ్తరం పోయి కంప్యూటర్ వచ్చె... రైతుకు నకలు మాత్రం రాదాయె!

సోమవారం ఫిర్యాదుల రోజు. జిల్లాలో ఏ తహశీల్దారు కార్యాలయం ముందు నిలబడినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. ప్లాస్టిక్ సంచిలో పాత పట్టాదారు పాసు పుస్తకం, మడతలు పడిన శిస్తు రశీదులు పెట్టుకుని రైతులు వేపచెట్టు కింద కూర్చుని ఉంటారు. ఒకరికి అయిదెకరాల మెట్టలో ఎకరంన్నర తగ్గిపోయింది. మరొకరి సర్వే నంబరు ఎదుట పొరుగూరి వారి పేరు పడింది. ఇంకొకరి తండ్రి చనిపోయి పదేళ్లయినా లెక్కలో ఇప్పటికీ ఆయన పేరే నడుస్తున్నది. "ఎవురు మార్చినారు సార్? ఎప్పుడు మార్చినారు?" అని అడిగితే లోపలి నుంచి వచ్చే జవాబు కూడా ఒకటే. "మేమేం చేసేది? కంప్యూటర్‌లో అట్లే ఉంది."

ఆ మాటతో రైతు నోరు మూతపడుతున్నది. కంప్యూటర్ అంటే అదేదో తన చేతికి అందని వస్తువని, దాన్ని ప్రశ్నించే అధికారం తనకు లేదని అనుకుని ఇంటిదారి పడుతున్నాడు. కాని చట్టం అలా చెప్పడం లేదు. కాగితం మీద ఉన్న లెక్క ఎంత ప్రజలదో కంప్యూటర్‌లో ఉన్న లెక్క కూడా అంతే ప్రజలదని 2005 నాటి సమాచార హక్కు చట్టం స్పష్టంగా చెబుతున్నది. ఈ సంగతి కార్యాలయాల్లో కొందరికి తెలియదు. తెలిసిన కొందరు చెప్పరు.

ఎర్ర సిరా గీత ఏమైంది?

1984కు ముందు గ్రామంలో భూమి లెక్కలు కరణం ఇంట్లో ఉండేవి. దఫ్తరం మూట విప్పించాలంటే కరణం గారికి తీరిక ఉండాలి, మనసు రావాలి. ఆ ఏడాది జనవరిలో నాటి ప్రభుత్వం వంశపారంపర్య కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. లెక్కలు ఊరు దాటి మండల కేంద్రానికి చేరాయి. 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. ఆ తర్వాత అడంగల్, 1-బి కూడా కంప్యూటర్‌లోకి ఎక్కాయి. 2015లో 'మీభూమి' పేరుతో వాటిని ఎవరైనా చూసుకునే వీలు కలిగింది.

ఇందులో మేలు లేదని ఎవరూ అనరు. వెనుకటిలా అడంగల్ నకలు కోసం నెల రోజులు తిరగవలసిన అవసరం తగ్గింది. అయితే కాగితం లెక్కలో ఉన్న ఒక మంచి గుణం మాత్రం కంప్యూటర్‌లో కనిపించకుండా పోయింది. పాత అడంగల్‌లో పేరు మార్చాలంటే ఎర్ర సిరాతో గీత కొట్టి, పైన కొత్త పేరు రాసి, పక్కన పొడి సంతకం, తేదీ వేసేవారు. కొట్టివేసిన పేరు కూడా చదవడానికి వీలుగా మిగిలేది. మోసం చేసినా ఆనవాలు ఉండేది. ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా మనవడు ఆ గీత చూపించి "ఇది మా తాత పేరు" అని చెప్పగలిగేవాడు.

కంప్యూటర్ తెర మీద నిన్న ఉన్న పేరు ఈ రోజు లేకపోతే ఆ గీత కనిపించదు. ఇప్పుడున్న పేరే మొదటి నుంచి ఉన్నదేమో అన్నట్టు శుభ్రంగా కనబడుతుంది. బ్యాంకులో పంట రుణం, పంటల బీమా, ఈ-పంట నమోదు, ప్రభుత్వ కొనుగోలు అన్నీ ఆ తెర మీది వరుసను బట్టే నడుస్తున్నాయి. ఆ ఒక్క వరుస మారితే ఏడాది సేద్యం తలకిందులవుతుంది. కాబట్టి ఆ వరుస ఎప్పుడు మారింది, ఏ ఉత్తర్వు మీద మారింది, ఏ అధికారి మార్చారు అని తెలుసుకోవడం రైతుకు జీవన్మరణ సమస్య.

చట్టంలో ఉన్న మాట

సమాచార హక్కు చట్టం 2005 జూన్ 15న రాష్ట్రపతి ఆమోదం పొంది, అదే ఏడాది అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. దీని పుట్టుక కూడా పల్లె జనం నుంచే. రాజస్థాన్‌లో కరువు పనులకు వెళ్లిన కూలీలు తమ పేరిట ఎంత కూలి రాశారో చూపించాలని, మస్టర్ రోళ్ల నకళ్లు ఇవ్వాలని పట్టుబట్టారు. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. చట్టం కావాలన్న కోరిక అక్కడి నుంచి దేశమంతా పాకింది.

ఆ చట్టంలో 'సమాచారం' అంటే ఏమిటో 2(ఎఫ్) సెక్షన్ చెబుతున్నది. రికార్డులు, పత్రాలు, మెమోలు, ఈ-మెయిళ్లు, సర్క్యులర్లు, ఉత్తర్వులు, లాగ్ పుస్తకాలు, కాంట్రాక్టులతో పాటు ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న దత్తాంశం కూడా సమాచారమే. 'రికార్డు' అంటే ఏమిటో 2(ఐ) చెబుతున్నది. కంప్యూటర్ గాని, మరే పరికరం గాని తయారు చేసిన సామగ్రి కూడా రికార్డే. ఇక హక్కు ఏమిటో 2(జె) చెబుతున్నది. రికార్డులను తనిఖీ చేయవచ్చు. రాసుకోవచ్చు. ధ్రువీకరించిన నకళ్లు తీసుకోవచ్చు. సమాచారం కంప్యూటర్‌లో నిల్వ ఉన్నప్పుడు ఫ్లాపీల్లో, టేపుల్లో లేదా ఇతర ఎలక్ట్రానిక్ పద్ధతిలో గాని, ప్రింటు తీసిన కాగితంగా గాని పొందవచ్చు.

చట్టం రాసిన నాడు ఫ్లాపీలు ఉండేవి. ఈ నాడు అవి కనబడవు. అంతమాత్రాన హక్కు పాతబడిపోలేదు. 'ఇతర ఎలక్ట్రానిక్ పద్ధతి' అన్న మాటలో సీడీ, పెన్ డ్రైవ్, ఈ-మెయిలు అన్నీ ఇమిడిపోతాయి.

ఇంతేకాదు. లెక్కలను పట్టిక వేసి సూచికతో భద్రపరచాలని, కంప్యూటరీకరించదగిన రికార్డులను వనరులను బట్టి తగిన కాలంలో కంప్యూటరీకరించి దేశమంతటా అనుసంధానించాలని 4(1)(ఎ) ఆదేశిస్తున్నది. ఎందుకు? ఆ రికార్డులు ప్రజలకు సులువుగా అందేందుకని ఆ సెక్షనే కారణం కూడా చెబుతున్నది. ప్రజలకు సులువు చేయడానికి పెట్టిన కంప్యూటర్‌నే ప్రజలకు అడ్డం పెట్టడం విడ్డూరం కాక మరేమిటి?

సాకులు – సమాధానాలు

దరఖాస్తు పెట్టిన రైతుకు సాధారణంగా ఎదురయ్యే సాకులు నాలుగు. ఒక్కొక్కటీ చట్టం ముందు ఎంతవరకు నిలుస్తుందో చూడాలి.

మొదటిది: "అదంతా మీభూమిలో ఉంది, చూసుకో పో." వెబ్‌సైట్‌లో ఉన్న మాట నిజమే. ప్రస్తుతం ఉన్న 1-బి, అడంగల్ నకలు మాత్రమే కావలసి వస్తే రైతు మీసేవకు వెళ్లి తీసుకోవడమే మంచిది. పని త్వరగా అవుతుంది. కాని వెబ్‌సైట్ చూపేది ఇప్పుడున్న పేరు. రైతు అడిగేది ఆ పేరు ఎలా వచ్చిందని. రెండింటికీ సంబంధం లేదు. పైగా తెర మీద చూసిన దానికి సంతకం ఉండదు. ధ్రువీకరించిన నకలు పొందే హక్కు వెబ్‌సైట్ వచ్చినంత మాత్రాన రద్దు కాలేదు.

రెండవది: "ఆ వివరాలు మా దగ్గర ఉండవు. సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గర ఉంటాయి." చట్టంలోని మాట 'ప్రభుత్వ సంస్థ వద్ద ఉన్న లేదా దాని అదుపులో ఉన్న' సమాచారం అని. కంప్యూటర్ యంత్రం హైదరాబాదులో ఉన్నా, విజయవాడలో ఉన్నా, దాన్ని ఒక ప్రైవేటు కంపెనీ నడిపిస్తున్నా, భూమి లెక్క ప్రభుత్వం అదుపులోనిదే. అద్దె గోడౌన్‌లో దాచిన ధాన్యం గోడౌన్ యజమానిది కాదు కదా! ఒకవేళ సమాచారం నిజంగా వేరే ప్రభుత్వ కార్యాలయంలో ఉంటే 6(3) సెక్షన్ ప్రకారం 5 రోజుల్లోపు దరఖాస్తును అక్కడికి పంపి, ఆ సంగతి దరఖాస్తుదారుకు తెలియజేయవలసిన బాధ్యత అధికారిదే. "అక్కడికి పోయి అడుక్కో" అనే వీలు లేదు.

మూడవది: "పాత డేటా కనబడటం లేదు. సర్వర్ మారినప్పుడు పోయింది." ఫైలు కనబడటం లేదనడం ఆఫీసుల్లో పరిపాటి. అయితే చట్టంలో సమాచారం నిరాకరించడానికి చెప్పిన కారణాల్లో 'కనబడటం లేదు' అన్నది లేదు. ఒకప్పుడు తన వద్ద ఉండి, ఇప్పుడు దొరకడం లేదని చెప్పే కార్యాలయం గట్టిగా వెతకాలని, పోవడానికి ఎవరు బాధ్యులో తేల్చాలని ఢిల్లీ హైకోర్టు 2013లో ఒక తీర్పులో చెప్పింది. కంప్యూటర్ లెక్కకు ఇది మరింత వర్తిస్తుంది. కాగితాన్ని చెదలు తినవచ్చు. కంప్యూటర్ లెక్కకు వేరే చోట ప్రతి దాచి ఉంచడం ఏ శాఖకైనా కనీస జాగ్రత్త. అడిగిన సమాచారాన్ని ధ్వంసం చేసినట్టు తేలితే 20వ సెక్షన్ కింద జరిమానా పడుతుంది.

నాలుగవది: "నువ్వడిగినట్టు తయారు చేసి ఇవ్వడం మా పని కాదు. సుప్రీంకోర్టే చెప్పింది." ఈ సాకు మిగిలిన వాటిలా తీసిపారేయదగినది కాదు. దీన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి.

ఉన్నది ఇవ్వడమా, కొత్తది తయారు చేయడమా?

2011 ఆగస్టు 9న సుప్రీంకోర్టు సీబీఎస్ఈ పరీక్ష జవాబు పత్రాల కేసులో తీర్పు చెప్పింది. విద్యార్థి తన జవాబు పత్రం చూసుకోవచ్చునని చెబుతూనే, చట్టం ఉన్న సమాచారాన్ని ఇవ్వమంటుందే గాని లేనిదాన్ని సేకరించి, కూర్చి ఇవ్వమనదని వివరించింది. సిబ్బంది కాలమంతా దరఖాస్తులకే పోకూడదని కూడా హెచ్చరించింది. ఈ భాగాన్ని చాలా కార్యాలయాలు కంఠస్థం చేశాయి. అదే తీర్పులో మరొక మాట ఉన్నది. కార్యాలయం వద్ద దత్తాంశం రూపంలో గాని, విశ్లేషణ, సారాంశం, గణాంకాల రూపంలో గాని సమాచారం ఉంటే దాన్ని పొందవచ్చునని కోర్టు చెప్పింది. ఆ వాక్యం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు రైతు ప్రశ్నకు వద్దాం. "ఫలానా సర్వే నంబరులో 2015 నుంచి ఇప్పటిదాకా జరిగిన మార్పుల వివరాలు ఇవ్వండి" అని అడిగితే అది కొత్తగా తయారు చేయవలసినది కాదు. మార్పు జరిగినప్పుడల్లా తేదీ, ఏ అధికారి లాగిన్‌తో జరిగింది అన్నవి నమోదు చేసుకోవడం ఏ లెక్కల సాఫ్ట్‌వేర్‌కైనా ఉండవలసిన పద్ధతి. ఆ నమోదు ఉంటే దాన్ని తెర మీదికి పిలిచి ప్రింటు తీయడమే మిగిలిన పని. బీరువా తాళం తీసి కట్ట విప్పడం ఎలాంటిదో ఇది కూడా అలాంటిదే. తాళం తీయడాన్ని సమాచారం 'తయారు చేయడం' అని ఎవరూ అనరు. ఒకవేళ అలాంటి నమోదు అసలు పెట్టనే లేదంటే ఆ మాటైనా కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వాలి. లక్షల ఎకరాల లెక్క ఆనవాలు లేకుండా మార్చడానికి వీలుగా ఉన్నదని ప్రభుత్వమే రాసి ఇచ్చినట్టవుతుంది. అప్పుడు ప్రజలు వేరే చోట నిలదీస్తారు.

"మండలంలో తప్పుగా జరిగిన మార్పులు ఎన్ని?" అని అడిగితే మాత్రం అధికారి కాదనవచ్చు. ఏది తప్పు, ఏది ఒప్పు అని తేల్చడం తీర్పు చెప్పడమవుతుంది. అది రికార్డులో ఉండదు. ఈ రెండింటికీ మధ్య ఇంకో రకం ఉన్నది. "గత అయిదేళ్లలో మండలంలో వచ్చిన మ్యుటేషన్ దరఖాస్తులు ఎన్ని, తిరస్కరించినవి ఎన్ని?" అనే ప్రశ్న. కాగితం రోజుల్లో దీనికి వేల పుటలు తిరగేయాలి. సిబ్బందికి తలకు మించిన పని. కంప్యూటర్‌లో అదే లెక్క క్షణంలో వస్తుంది. పై అధికారి వీడియో సమావేశంలో అడిగితే అక్కడికక్కడే చెబుతున్నారు. కలెక్టరు గారు అడిగితే ఉన్న సమాచారం, రైతు అడిగితే 'తయారు చేయవలసిన' సమాచారం ఎలా అవుతుంది? శ్రమ ఎక్కువన్న కారణంతో పుట్టిన మినహాయింపు శ్రమ లేని చోట వర్తించదనుకోవడమే న్యాయం.

7(9) సెక్షన్‌ను కూడా ఇలాగే చదవాలి. అడిగిన రూపంలోనే సమాచారం ఇవ్వాలని, కార్యాలయ వనరులను అతిగా మళ్లించవలసి వచ్చినప్పుడు లేదా రికార్డు భద్రతకు ముప్పు ఉన్నప్పుడు మాత్రమే రూపం మార్చవచ్చునని ఆ సెక్షన్ సారాంశం. అది రూపం గురించిన మాట. ఇవ్వనక్కరలేదని అందులో ఎక్కడా లేదు. మండలమంతటి లెక్క కాగితం మీద అడిగితే పది వేల పుటలు ప్రింటు తీయలేమనడం సబబే. అప్పుడు సీడీలో ఇస్తామనాలి, లేదా వచ్చి చూసుకోమనాలి. ఊరికే కాదనకూడదు.

అధికారి వైపు న్యాయం

దరఖాస్తుదారులందరూ సత్యసంధులని, అధికారులందరూ మొండివారని అనుకోవడం కూడా తప్పే. ఒకే మనిషి నెలకు ఇరవై దరఖాస్తులు పెట్టి, వాటిని చూపి బెదిరించి బతకడం ప్రజలు చూడనిది కాదు. పాస్‌వర్డులు, కంప్యూటర్ భద్రతకు సంబంధించిన లోగుట్లు అడిగితే ఇవ్వనవసరం లేదు. సాఫ్ట్‌వేర్ వ్యాపార రహస్యాలకు 8(1)(డి) రక్షణ ఉన్నది.

"ఎందుకు ఇలా తీర్పు ఇచ్చారు?" అనే ప్రశ్నలకు జవాబు రాయవలసిన పని లేదని మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2010 జనవరిలో చెప్పింది. రికార్డులో ఉన్నంతే ఇవ్వాలి. అయితే ఇక్కడ కూడా రైతుకు దారి ఉన్నది. పరిపాలనా నిర్ణయాల వల్ల నష్టపడిన వారికి ఆ నిర్ణయానికి కారణాలు తెలపాలని 4(1)(డి) చెబుతున్నది. పేరు మారిన రైతు కంటే నష్టపడినవారు ఎవరుంటారు?

కొత్తగా వచ్చిన అడ్డు

ఇప్పుడు మరొక మాట వినబడుతున్నది. "అది వ్యక్తిగత సమాచారం, ఇవ్వకూడదు." 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చింది. ఈ మార్పు 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకు ముందు, ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని లేదా వ్యక్తి ఆంతరంగికతకు అనవసరంగా భంగం కలిగించే వ్యక్తిగత సమాచారం మాత్రమే ఇవ్వనక్కరలేదని ఉండేది. విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఆ సెక్షన్ కిందనే ఇవ్వవచ్చునని కూడా ఉండేది. పార్లమెంటుకు, శాసనసభకు నిరాకరించరాని సమాచారాన్ని సామాన్యుడికి కూడా నిరాకరించరాదన్న మాట కూడా ఉండేది. అవన్నీ పోయి, 'వ్యక్తిగత సమాచారం' అన్న రెండు మాటలే మిగిలాయి.

దీనితో భూమి లెక్కలకు, రేషన్ జాబితాలకు, పింఛన్ల జాబితాలకు తలుపులు మూసే ప్రమాదం ఉన్నది. ఏ జాబితాలో పేరు లేదు? పేరున్నదల్లా వ్యక్తిగతమంటే ఇక బయటపెట్టడానికి ఏమి మిగులుతుంది? ఇతరుల ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు దాచవలసినవే. ఎవరూ కాదనరు. వాటిని కొట్టివేసి మిగిలినది ఇవ్వడానికి 10వ సెక్షన్ ఉన్నది. రక్షణ పొందిన ప్రయోజనాలకు కలిగే హాని కంటే వెల్లడి వల్ల కలిగే ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చునన్న 8(2) సెక్షన్ ఇంకా చట్టంలోనే ఉన్నది. పైగా రైతు తన పొలం లెక్కను తానే అడుగుతున్నప్పుడు ఎవరి ఆంతరంగికతకు భంగం? ప్రభుత్వ ఉద్యోగి తన హోదాలో, ప్రభుత్వ లాగిన్‌తో చేసిన పని అతని ఇంటి గుట్టు కాదు. కొత్త సవరణను సాకుగా చూపి ఈ వివరాలు నిరాకరించడం చట్టం ఉద్దేశానికే విరుద్ధం.

దరఖాస్తు ఎలా రాయాలి?

చాలా దరఖాస్తులు వీగిపోవడానికి కారణం వాటిని రాసిన తీరు. "నాకు అన్యాయం జరిగింది, విచారించి న్యాయం చేయండి" అని రాస్తే అది అర్జీ అవుతుంది గాని సమాచార హక్కు దరఖాస్తు కాదు. ఏ రికార్డు కావాలో స్పష్టంగా చెప్పాలి. గ్రామం, సర్వే నంబరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు అన్నవి ఉండాలి. కంప్యూటర్ 1-బిలోను, అడంగల్‌లోను ఆ నంబరుకు జరిగిన ప్రతి మార్పు తేదీ, మార్చిన అధికారి హోదా, అందుకు ఆధారమైన ఉత్తర్వు నంబరు అడగాలి. ఆ మార్పుకు సంబంధించిన ఫైలు కూడా అడగాలి. ఇది ముఖ్యం. 1971 నాటి పట్టాదారు పాసు పుస్తకాల చట్టం ప్రకారం హక్కుల రికార్డులో పేరు మార్చాలంటే సంబంధితులకు నోటీసు ఇచ్చి, అభ్యంతరాలు విని, ఉత్తర్వు చేయాలి. కాబట్టి కంప్యూటర్‌లో జరిగిన మార్పు వెనుక ఒక ఫైలు ఉండి తీరాలి. ఫైలు లేకపోతే ఆ మార్పే ప్రశ్నార్థకం. ఆర్డీవో వద్ద అప్పీలు చేసుకోవడానికి రైతుకు అదే పెద్ద ఆధారం.

నకళ్లు ధ్రువీకరించి ఇవ్వాలని దరఖాస్తులోనే కోరాలి. కంప్యూటర్ నుంచి తీసిన కాగితం కోర్టులో సాక్ష్యంగా నిలవాలంటే తగిన ధ్రువపత్రం ఉండాలని 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ చెబుతున్నది. ఊరికే ప్రింటు తీసుకుని వెళితే వకీలు మళ్లీ వెనక్కి పంపుతాడు.

దరఖాస్తు తెలుగులో రాయవచ్చు. కారణం చెప్పనక్కరలేదు. రాయలేనివారు నోటితో చెబితే దాన్ని రాయడానికి అధికారి సాయం చేయాలని 6వ సెక్షన్‌లోనే ఉన్నది. 2005 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. నకలుకు పుటకు 2 రూపాయలు, సీడీకి 100 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఆధారం జతపరిస్తే రుసుము కట్టనక్కరలేదు. దరఖాస్తు ఇచ్చి రశీదు తీసుకోవడం మరువరాదు. రశీదు లేకపోతే గడువు ఎప్పుడు మొదలైందో రుజువు ఉండదు.

జవాబుకు గడువు 30 రోజులు. గడువు దాటితే ఆ తర్వాత ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా 30 రోజుల్లో అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయాలి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు చేయవచ్చు. నిరాకరణ సరైనదేనని రుజువు చేయవలసిన భారం అధికారి మీదే ఉంటుంది. తగిన కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల వరకు జరిమానా ఉన్నది.

అయితే దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. పొరుగున తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు కమిషనర్లే లేక అప్పీళ్లు పేరుకుపోయాయి. కమిషన్ తలుపు తెరుచుకోకపోతే జరిమానా కాగితం మీదే ఉండిపోతుంది. అందుచేత ప్రజలు చివరి మెట్టు మీద ఆశ పెట్టుకుని కూర్చోకుండా మొదటి దరఖాస్తునే గట్టిగా రాసుకోవాలి.

జిల్లాకు కొత్త కాదు

కంప్యూటర్ లెక్కను ఊరి ముందు పెట్టడం ఈ జిల్లాకు తెలియని పని కాదు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదటిసారిగా నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభమయింది. ఆ పనుల మస్టర్లు, చెల్లింపులు కంప్యూటర్‌లోకి ఎక్కించడంలో మన రాష్ట్రం ముందు నిలిచింది. సామాజిక తనిఖీ బృందాలు ఆ లెక్కలను ప్రింటు తీసుకుని పల్లెలకు వెళ్లి, ఇంటింటా అడిగి, సభలో పైకి చదివాయి. పనికి రాని వారి పేరిట కూలి రాసిన సంగతులు అలాగే బయటపడ్డాయి. కంప్యూటర్‌లో ఉన్నంత సేపు ఆ అంకెలు ఎవరికీ ఏమీ చెప్పలేదు. కాగితం మీదికి వచ్చి రచ్చబండ దగ్గర చదివినప్పుడే అవి లెక్క అయ్యాయి.

కూలి లెక్కకు చేసిన పని భూమి లెక్కకు ఎందుకు చేయరు? వెనుకటి రోజుల్లో ఏటా జమాబందీ జరిగేది. గ్రామ లెక్కలు పై అధికారి ముందు తనిఖీకి వచ్చేవి. ఇప్పుడు ఏడాదికొకసారి గ్రామ సచివాలయం గోడ మీద ఆ ఏడాది మారిన సర్వే నంబర్ల జాబితా అతికించి, గ్రామసభలో చదివితే చాలు. పాత పేరు, కొత్త పేరు, ఉత్తర్వు నంబరు, తేదీ ఉంటే ఎవరి పొలం ఎవరి పేరిట పోయిందో ఊరే చెబుతుంది. అడగకుండానే సమాచారం ప్రజల ముందు పెట్టాలని 4వ సెక్షన్ చెబుతున్నది ఇందుకే. దీనికి కొత్త చట్టం అక్కరలేదు. కలెక్టరు గారి ఉత్తర్వు ఒకటి చాలు.

దానితో పాటు ప్రతి తహశీల్దారు కార్యాలయంలో పౌర సమాచార అధికారి పేరు, అప్పిలేట్ అధికారి పేరు తెలుగులో బోర్డు మీద రాయించాలి. కంప్యూటర్ మార్పుల నమోదును ప్రింటు తీసి ఇవ్వవచ్చునని సిబ్బందికి లిఖితపూర్వకంగా తెలపాలి. ఆ నమోదును చెరిపివేయడానికి వీలు లేకుండా భద్రపరచాలి. ఇవి చేస్తే ఫిర్యాదుల రోజున వేపచెట్టు కింద జనం సగం తగ్గుతారు. అధికారులకూ సుఖమే.

కరణం దఫ్తరం ముందు చేతులు కట్టుకుని నిలబడిన తరానికి అడిగే హక్కు లేదు. ఈ తరానికి ఉన్నది. "కంప్యూటర్‌లో అట్లే ఉంది" అని ఈ సోమవారం ఎవరైనా చెబితే, "అదే ప్రింటు తీసి, సంతకం పెట్టి ఇవ్వండి సార్. ఎవరు ఎక్కించినారో అది కూడా" అని 5 రూపాయల దరఖాస్తు బల్ల మీద పెట్టి రశీదు అడగాలి.